మొదటి మహిళా మేయర్ గురించి రాయాలంటే పెళ్లితోనే మొదలుపెట్టాలా?

చిక్కడపల్లి పాఠకుడు:
మహిళా దినోత్సవానికి మా కాలనీ సంఘం నగరంలో పేరున్న మహిళల గురించి బోర్డులు పెడుతోంది. రాణీ కుముదినీ దేవి బోర్డు నాకు అప్పజెప్పారు. నేను రాసింది ఇది: 1911లో పుట్టారు. 1928లో వనపర్తి సంస్థానానికి చెందిన రాజా రాందేవ్ రావుతో పెళ్లయింది. 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. 1962లో హైదరాబాద్‌కు మొదటి మహిళా మేయర్ అయ్యారు. వనపర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యేగా ఉన్నారు. 2009లో కన్నుమూశారు.

ఇంతే. దీని మీద సంఘం రెండుగా చీలింది. పెళ్లి గొడవ ఎందుకు, తీసెయ్ అని కొందరు. ఆ పెళ్లే లేకపోతే మేయరే లేదు, అదే ముందు పెట్టు అని ఇంకొందరు. ప్రింటింగ్‌కి ఇచ్చే టైమైపోతోంది, టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

మూసీ ఒడ్డు:
పెట్టాల్సిందే, అదీ మొదటి వాక్యంలోనే. తండ్రి పింగళి వెంకట్రామారెడ్డి నిజాం ప్రభుత్వంలో ఉప ప్రధానిగా చేసినవారు. అత్తగారిల్లు సంస్థానం. 1962 నాటికి సంస్థానాలు పోయి ఎన్నో ఏళ్లయింది, నిజమే. పలుకుబడి ఎక్కడికి పోతుందండీ? పైగా అప్పుడు మేయర్‌ని ఎన్నుకున్నది జనం కాదు, కౌన్సిలర్లు. లాడ్‌బజార్‌లో గాజులమ్ముకునే ఆవిడకి ఎంత తెలివున్నా ఆ కుర్చీ దాకా రాగలిగేదా?

నారాయణగూడ పాత విద్యార్థిని:
మూసీ ఒడ్డు గారూ, హైదరాబాద్‌కు మొదటి మేయర్ ఎవరో తెలుసు కదా, మాడపాటి హనుమంతరావు పంతులు గారు, 1951లో. ఆయన పెట్టిన ఆడపిల్లల బడిలోనే నేను చదువుకున్నాను. ఆయన మీద వ్యాసం రాయమనేవారు. వకీలు అని రాసేవాళ్లం, నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల ఆంధ్రోద్యమం గురించి రాసేవాళ్లం, పద్మభూషణ్ వచ్చిందని రాసేవాళ్లం. ఆయన పెళ్లి ఎప్పుడైంది, భార్య ఎవరి అమ్మాయి అని ఏ టీచరూ అడగలేదు. రాయలేదని మార్కులు కోసిందీ లేదు.

ఇంకో తమాషా చూడండి. ఆ బడి మొదలైంది 1928లో. సరిగ్గా అదే ఏడు పదిహేడేళ్ల కుముదినీ దేవి అత్తారింటికి వెళ్లింది. రాజుల ఇంటి పిల్లకైనా ఆ రోజుల్లో ఇంకో దారి ఎంతవరకు ఉందంటారు?

అంత వెనక్కి ఎందుకు, మొన్నటి సంగతే చూద్దాం. 2016లో చర్లపల్లి డివిజన్ నుంచి గెలిచి బొంతు రామ్మోహన్ గారు మేయరయ్యారు. 2020లో అదే డివిజన్ నుంచి ఆయన భార్య శ్రీదేవి గారు కార్పొరేటర్‌గా గెలిచారు. ఆవిడ గురించి రాస్తే 'మాజీ మేయర్ భార్య' అంటారు. ఆయన గురించి రాసేటప్పుడు 'కార్పొరేటర్ భర్త' అని ఎవరైనా రాస్తారా?

మూసీ ఒడ్డు:
మగవాళ్లని కూడా అడగండి అంటే చప్పట్లు కొడతాను. ఇద్దరినీ అడగొద్దంటేనే నాకు అభ్యంతరం.

మా డివిజన్ మహిళలకు రిజర్వు అయింది. గెలిచింది ఆవిడ. మ్యాన్‌హోల్ పొంగిందని ఫోన్ చేస్తే ఎత్తేది మాత్రం ఆవిడ భర్త. బతుకమ్మ ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తు ఫోటో, నల్ల కళ్లద్దాలు, నమస్కారం. కింద మూలన పాస్‌పోర్టు సైజులో ఆవిడ. ఎప్పుడైనా ఏదైనా ప్రారంభోత్సవానికి వస్తే రిబ్బన్ కత్తిరించి, ఆయన మాట్లాడటం అయిపోయేదాకా పక్కన నిలబడుతుంది. రోజూ ఇది చూస్తూ, బోర్డు మీద భర్త ఊసు ఎత్తొద్దంటే అది దొంగ మర్యాద.

బల్దియా కబుర్లు:
అన్నా, ఒక సవరణ. కౌన్సిలర్లు ఎన్నుకున్నారని చిన్నచూపు చూస్తే మనకి మేయర్లే మిగలరు. 2002లో తీగల కృష్ణారెడ్డి గారిని జనం నేరుగా ఎన్నుకున్నారు. కార్పొరేషన్ గ్రేటర్ హైదరాబాద్ అయ్యాక 2009 నుంచి మళ్లీ పాత పద్ధతే. 2020లో 150 డివిజన్లలో ఏ పార్టీకీ సగం రాలేదు, అయినా 2021లో గద్వాల విజయలక్ష్మి గారు మేయర్ అయ్యారు. ఆమె పేరు రాగానే రాజకీయ నాయకుడు కేకే (కె. కేశవరావు) కూతురు అనేవాళ్లే అందరూ.

కుముదినీ దేవి రోజుల్లో మేయర్ పదవి ఏడాదికే. 1955 చట్టంలో పనులు చేయించే అధికారం కమిషనర్‌ది, మేయర్ కౌన్సిల్ నడపాలి. ఏడాదిలో ఆ కుర్చీలో కూర్చుని ఎవరైనా ఏం చేసేస్తారు? కాబట్టి మనిషిని కొలవాలంటే మేయర్ పదవితో కాదు.

అల్వాల్ తాతయ్య:
నేను కుష్ఠు నివారణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పెళ్లి, పెళ్లి అని కొట్టుకుంటున్నారు కాబట్టి నాకు తెలిసిన పెళ్లి సంగతి ఒకటి చెప్తాను. 1955లో వచ్చిన హిందూ వివాహ చట్టం ప్రకారం భార్యకో భర్తకో నయం కాని కుష్ఠు ఉంటే విడాకులు అడగొచ్చు. ఆ నిబంధన తీసేసింది 2019లో. అంటే ఈ జబ్బు వచ్చినవాళ్లని వదిలెయ్యొచ్చని చట్టమే చెప్పిన మూడేళ్లకు, ఈవిడ వాళ్ల కోసం గేటు తెరిచారు.

అప్పుడు మా వాళ్ల చేతిలో ఉన్న ప్రధానమైన మందు డాప్సోన్, ఏళ్ల తరబడి మింగాలి. ఇప్పటిలా రెండు మూడు మందులు కలిపి ఇచ్చే కోర్సు 1980ల్లో గానీ రాలేదు. రోగి చేతికి స్పర్శ ఉండదు. పొయ్యి మీద గిన్నె వట్టి చేత్తో దించుతాడు, బొబ్బ లేచిందని పక్కవాడు చూసి చెప్పాలి. కాల్లో మేకు దిగినా తెలియక నడుస్తూనే ఉంటాడు, పుండు ఎముక దాకా పోతుంది. అందుకే మెత్తటి రబ్బరుతో వేరే చెప్పులు కుట్టిస్తారు. జబ్బు తగ్గినా కథ అయిపోదు. కోర్సు పూర్తయిందని కార్డు మీద రాసిచ్చాక కూడా ఒకావిడ ఇంటికి వెళ్లనంది. తను వెళ్తే చిన్న కూతురి సంబంధం చెడుతుందట.

ఇంకొకటి గమనించారా? కూకట్‌పల్లి అప్పటికి బల్దియాలో, అంటే నగర కార్పొరేషన్‌లో లేదు. 2007లో గ్రేటర్ అయ్యాకే కలిసింది. ఆవిడ జీవితంలో పెద్ద పని నగరం హద్దుకి అవతల, మేయర్ కాకముందే మొదలైంది. ఓట్ల కోసమైతే అంత దూరం, అలాంటివాళ్ల దగ్గరికి ఎవరు పోతారు నాయనా? పలుకుబడి ఉంది, కాదనను. అంత పలుకుబడి ఉన్న దొరసానులు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల పేరుతో ఇలాంటి గేటు నాకు కనపడలేదు.

నారాయణగూడ పాత విద్యార్థిని:
తాతయ్యగారూ, దండం. చిక్కడపల్లి గారూ, 1958తో మొదలుపెట్టండి. మేయర్ రెండో లైను. పెళ్లి అవసరమైతే మూడోది.

చిక్కడపల్లి పాఠకుడు:
అలాగే మార్చాను: "హైదరాబాద్ నగర హద్దుల బయట, కుష్ఠు రోగుల కోసం 1958లో శివానంద కేంద్రం ప్రారంభించారు. 1962లో నగరానికి మొదటి మహిళా మేయర్. పింగళి వారి ఆడపడుచు, వనపర్తి కోడలు." మా ప్రెసిడెంట్ గారు ఇప్పుడు ఫోటో మీద పడ్డారు, నగలతో ఉన్నదే కావాలట.

మూసీ ఒడ్డు:
వరుస మార్చారు, సరే, తాతయ్యగారి మొహం చూసి ఊరుకుంటున్నా. 'వనపర్తి కోడలు' మాత్రం తీయొద్దు. తీస్తే నేనే వచ్చి మార్కర్‌తో రాస్తా. రాసినప్పుడు మాడపాటి గారి బోర్డు మీద భార్య మాణిక్యమ్మ గారి పేరు కూడా రాస్తా, అమ్మాయిగారికి కోపం రాకుండా.