ముందు కుర్చీలో కూర్చోవాలా, ముందు రైలు చూపించాలా?

హన్మకొండ అమ్మ:
మా బాబుకు ఐదేళ్లు, ఆటిజం అని తెలిసి రెండేళ్లయింది. థెరపీ సెంటర్‌లో మేడం ముందు సిట్టింగ్ రావాలి, కళ్లలోకి చూడాలి, మిగతావన్నీ ఆ తర్వాతే అంటారు. సెషన్‌లో సగం టైం వాణ్ణి కుర్చీలో ఆపడానికే పోతుంది, గడ్డం పట్టుకుని మొహం తిప్పితే ఒకటే ఏడుపు. అదే పిలగాణ్ణి మా ఆయన కాజీపేట స్టేషన్‌కు తీసుకెళ్తే గంటసేపు కదలడు, ఒక్కో బోగీ చూసుకుంటూ నిలబడతాడు. రైలు బొమ్మలు దాచెయ్యమన్నారు, దాచేశాం. నిన్న రాత్రి పప్పు డబ్బాలో దొరకబట్టాడు (అక్కడ పెట్టింది మా అత్తమ్మ). మేం చేసేది సరైనదేనా?

కాజీపేట నాన్న:
అక్కా, ఆ బొమ్మలు ఇచ్చెయ్యండి. గంటసేపు నిలబడి చూసేవాడికి శ్రద్ధ లేదని ఎట్లా అంటారు? వాడికి రానిది మనతో కలిసి ఒకదాన్ని చూడటం, దాన్నే జాయింట్ అటెన్షన్ అంటారు. మామూలుగా పిల్లలు ఏడాది అటూ ఇటూగా కాకిని వేలితో చూపించి, మనం చూశామా లేదా అని మన మొహం చూస్తారు, మాటలకు అది పునాది. 2005లో డైనా మర్రీ, మైక్ లెసర్, వెన్ లాసన్ రాసిన వ్యాసం చదివాక నాకు మా పాప అర్థమైంది. ఆటిజంలో శ్రద్ధ కరువు కాదు, నీళ్లన్నీ ఒకే మడికి పారినట్టు ఒకే చోటికి పోతుంది అని దాని సారం. ఆ మడి దగ్గరికి మనం పోవాలి గానీ గట్టు తెంపితే ఎట్లా?

పరకాల టీచర్:
అన్నా, వినడానికి బాగుంది. నా క్లాసులో ముప్పై ఎనిమిది మంది, పక్కన ఇంకో మనిషి లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఈ పిల్లల్ని కాదనకూడదు, నేను కాదనను కూడా. కానీ పోయినేడు ఒక బాబు నేను బోర్డు వైపు తిరిగేలోపు గేటు దాటి రోడ్డెక్కాడు, ఇప్పటికీ తలుచుకుంటే చేతులు వణుకుతాయి. పది నిమిషాలు కూర్చోవడం నేర్పించి పంపమనడం తప్పా? ఏబీఏ, అంటే ఒక్కో పనిని చిన్న ముక్కలుగా చేసి, చేసినప్పుడల్లా మెచ్చుకుంటూ నేర్పే థెరపీ, ఊరికే రాలేదు, 1987లో లోవాస్ అనే సైకాలజిస్టు అధ్యయనంలో వారానికి 40 గంటలు నేర్పిస్తే 19 మందిలో 9 మంది అందరితోపాటు ఒకటో తరగతి పాసయ్యారు.

కాజీపేట నాన్న:
ఆ అధ్యయనంలో పిల్లల మీద గట్టిగా అరవడం, వాళ్ల తొడ మీద కొట్టడం కూడా ఉన్నాయి మేడం, అది కూడా చెప్పాలి కదా. పైగా ఏ పిల్లవాడు 40 గంటల గుంపులోకి, ఏ పిల్లవాడు పోల్చి చూసే గుంపులోకి పోవాలో లాటరీ తీసి కూడా పెట్టలేదు. ఇప్పటి ఏబీఏ అంతా అట్లనే ఉందని అనను. గేటు సంగతి మాత్రం ఒప్పుకుంటా, అది ప్రాణం మీదికొచ్చే విషయం. దానికి గొళ్లెం పెట్టించాలి, ఆగమంటే ఆగడం నేర్పాలి. కళ్లలోకి చూడటానికీ దానికీ ఏం సంబంధం?

కరీంనగర్ డిగ్రీ:
నాకూ ఆటిజమే. కళ్లలోకి చూడమంటే నాకు అదొక్కటే పనైపోతుంది, మీరు చెప్పేది వినబడదు. నేల చూస్తూ ఉంటే అంతా వింటా. చేతులు ఊపొద్దన్నా అంతే, ఊపకుండా ఉండటానికే తల మొత్తం ఖర్చవుతుంది. చిన్నప్పుడు నన్ను 'మంచిగ కూర్చున్నడు' అని మెచ్చుకున్న రోజుల్లో పాఠం ఒక్క ముక్క ఎక్కలేదు.

పరకాల టీచర్:
తమ్ముడూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అయినా అక్కా, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) కూడా ఉందేమో డాక్టర్‌ను అడగండి. 2013కు ముందు రెండూ కలిపి రాసేవాళ్లు కాదు, ఇప్పుడు రాస్తారు.

హన్మకొండ అమ్మ:
అడుగుతా. పొద్దున బొమ్మలు తీసిచ్చి పక్కన నేల మీద కూర్చున్నా. ఒక బోగీ నా గుప్పిట్లో పెట్టుకున్నా. వాడు గుప్పిటి చూశాడు, వేళ్లు విప్పబోయాడు, రాలేదు, అప్పుడు నా మొహం చూశాడు. ఒక్క క్షణమే. టీచరమ్మా, మీ మాట కొట్టెయ్యను, జూన్‌లో మాకూ బడి టెన్షన్ ఉంది. సోమవారం సెషన్‌కు రెండు బోగీలు బ్యాగులో వేసుకుని పోతా, మేడం ఏమంటారో చూడాలి.