పాత షెవీ హెడ్‌కి మర స్టడ్‌లు: ఇంట్లో వేసుకోవచ్చా, మెషిన్ షాప్‌కే ఇవ్వాలా?

కమారో67 (మిషిగన్):
నా 1967 కమారోలో 327 ఇంజిన్, 462 కాస్టింగ్ (పోత నంబర్) హెడ్లు ఉన్నాయి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర టిక్ టిక్ శబ్దం ఆగడం లేదు. రాకర్ (వాల్వ్‌ని నొక్కే మీట) నట్ బిగిస్తే పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. కొంచెం పెద్ద క్యామ్ (వాల్వ్‌లు తెరిపించే ఇరుసు), గట్టి వాల్వ్ స్ప్రింగులు వేద్దామనుకుంటున్నాను. రాకర్లను పట్టి ఉంచే, హెడ్‌లోకి కొట్టి దించిన ఈ పాత స్టడ్‌లు తీసేసి, తిప్పి బిగించే మర స్టడ్‌లు వేయమని అందరూ అంటున్నారు. హెడ్లు ఎలాగూ విప్పి టేబుల్ మీద పెట్టాను. ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొనుక్కుని ఇంట్లోనే చేసుకోవచ్చా? షాప్‌కి ఇస్తే డబ్బుతో పాటు వారాల తరబడి ఎదురుచూడాలి.

పోతఇనుము:
ముందు అసలు స్టడ్ లేచిందో లేదో చూడండి. ఒక స్టీల్ స్కేల్ తీసుకుని స్టడ్ తలల మీద వరసగా పెట్టండి. లేచిన స్టడ్ స్కేల్‌ని పైకి ఎత్తేస్తుంది, దాని పక్కవాటికీ స్కేల్‌కీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుంది. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే మీ టిక్ టిక్‌కి కారణం వేరు. క్యామ్ లోబ్ (దాని మీది ఉబ్బు) అరిగిందేమో, దాని మీద ఆనే లిఫ్టర్ పోయిందేమో చూడాలి. స్టడ్ మారిస్తే అది తగ్గదు.

ఇక అసలు ప్రశ్న. 1955లో ఈ షెవీ స్మాల్ బ్లాక్ (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) వచ్చినప్పుడు రేకుతో అచ్చుకొట్టిన రాకర్, దాని మధ్యలో గుండ్రటి బాల్, 3/8 అంగుళం స్టడ్, ఇంతే. తేలిక, చవక, గొప్ప డిజైన్. కానీ ఆ స్టడ్‌ని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న ఇనుము బిగువు ఒక్కటే. గట్టి స్ప్రింగు వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ దాన్ని పైకి లాగుతుంది. 1970 ఎల్‌టీ-1 ఇంజిన్ హెడ్లకు కంపెనీయే మర స్టడ్‌లు, గైడ్ ప్లేట్లు (రాకర్‌ని తోసే పుష్‌రాడ్ కడ్డీని దారిలో ఉంచే పలకలు) పెట్టి పంపింది. ఫోర్డ్ కూడా తన 289 హై-పో ఇంజిన్‌కి మర స్టడ్‌లే పెట్టింది. కాబట్టి మార్చాలా అంటే, గట్టి స్ప్రింగులు వేస్తుంటే మార్చాలి. ఇంట్లో మార్చాలా అంటే మాత్రం వద్దనే నా మాట.

ఆస్టిన్_గ్యారేజ్:
పోతఇనుము గారి మొదటి పేరాకి నూటికి నూరు మార్కులు. చివరి మాటతో ఒప్పుకోను.

ఈ హెడ్ల విషయంలో మనకు ఒక అదృష్టం ఉంది. పాత స్టడ్ తీశాక మిగిలే రంధ్రం 7/16-14 ట్యాప్‌కి (7/16 అంగుళం, అంగుళానికి 14 మరలు) దాదాపు సరిపోయే సైజులోనే ఉంటుంది. కొత్తగా డ్రిల్ చేయాల్సిన పని లేదు. ఇంట్లో ఎక్కువమంది దారి తప్పేది డ్రిల్లింగ్‌లోనే, ఇక్కడ అదే లేదు.

స్టడ్ తీయడం కూడా కష్టం కాదు. స్టడ్ మీద ఒక మందపాటి గొట్టం ముక్క తొడిగి, పైన నూనె పూసిన గట్టి వాషర్లు, ఆ పైన నట్. నట్ తిప్పుతూ పోతే ఒక దశలో టప్‌మని పెద్ద శబ్దం వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు హెడ్ పగిలిందనుకుంటారు. అది స్టడ్ పట్టు వదిలిన శబ్దం. ఆ తర్వాత మెల్లగా పైకి వచ్చేస్తుంది. వాషర్లు కొరుక్కుపోతుంటే మళ్లీ నూనె వేయండి.

మర స్టడ్‌లలో రెండు రకాలున్నాయి. కింద షడ్భుజి అంచు ఉన్నవి, లేనివి. అంచు లేనివి వేస్తే బాస్ (హెడ్‌లో స్టడ్ దిగే ఉబ్బెత్తు భాగం) పైభాగం మిల్లింగ్ చేయాల్సిన పనే ఉండదు, పాత హెడ్‌లోని పుష్‌రాడ్ గాడులే పుష్‌రాడ్‌ని దారిలో ఉంచుతాయి. కొంచెం పెద్ద క్యామ్‌కి ఇది చాలు. పైభాగం 3/8 ఉన్నవే కొనండి, 7/16 తీసుకుంటే రాకర్లు కూడా మార్చాలి.

మైక్రోమీటర్:
రంధ్రం సైజు సరిపోవడం ఒక సంగతి, ట్యాప్ నిటారుగా దిగడం ఇంకో సంగతి. చేత్తో తిప్పే హ్యాండిల్‌కి ఒక పక్క బరువు ఎక్కువ పడితే ట్యాప్ వాలుతుంది. ఒక్క డిగ్రీ వాలితే అంగుళంన్నర పైన స్టడ్ దాదాపు 0.67 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. రాకర్ ముక్కు వాల్వ్ కొన మధ్యలో ఆనదు. వాల్వ్‌ని పక్కకు నెడుతూ ఉంటుంది, వాల్వ్ కదిలే గొట్టం, అంటే వాల్వ్ గైడ్, అరిగిపోతుంది. ఇది ఇంజిన్ స్టార్ట్ చేసిన రోజున కనపడదు. అందుకే నాకు టెన్షన్.

పైగా ఇది ఒక్క రంధ్రం కాదు, పదహారు. పదిహేను బాగా వచ్చి ఒకటి వంకర పోయినా ఆ హెడ్ మళ్లీ షాప్‌కే వెళ్లాలి. అప్పుడు అయ్యే ఖర్చు ముందే ఇచ్చుంటే అయ్యేదానికన్నా ఎక్కువ.

ఆస్టిన్_గ్యారేజ్:
చేత్తో వట్టిగా తిప్పమని నేను అనలేదండీ. హెడ్‌కి బిగించుకునే ట్యాప్ గైడ్ దొరుకుతుంది, దాంట్లోంచే ట్యాప్ దించాలి. లేదా డ్రిల్ ప్రెస్ వాడండి, మోటార్ ఆపేసి. ముందు రంధ్రంలో సరిగ్గా పట్టే నున్నటి కడ్డీ పెట్టి, అది స్పిండిల్‌కి సూటిగా వచ్చేదాకా హెడ్‌ని షిమ్‌లతో (కింద పెట్టే పల్చటి రేకులతో) సర్దండి. తర్వాత చక్‌లో మొనదేలిన కడ్డీ పెట్టి ట్యాప్ తల మీది గుంటలో ఆనించి, చేత్తో తిప్పండి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. పోత ఇనుము పొడిపొడిగా రాలుతుంది, దాన్ని వ్యాక్యూమ్‌తో లాగేస్తూ ఉండండి. మీరు చెప్పిన వంకర రాకూడదనే ఇదంతా.

పోతఇనుము:
గైడ్ ఉంటే, ఓపిక ఉంటే, అంచు లేని స్టడ్ అయితే, సరే, నేను వెనక్కి తగ్గుతాను. కానీ అంచు ఉన్నవి, గైడ్ ప్లేట్లు అనుకుంటే దయచేసి ఇంట్లో ముట్టుకోవద్దు. బాస్‌లన్నీ అంచు మందం, ప్లేట్ మందం కలిపి అంత మేర కోయాలి, అదీ స్టడ్‌కి లంబంగా. ఫైల్‌తోనో గ్రైండర్‌తోనో అయ్యే పని కాదు. గైడ్ ప్లేట్ వేశాక హెడ్‌లోని పాత గాడుల్ని వెడల్పు చేయాలి, లేకపోతే పుష్‌రాడ్ రెండు చోట్లా ఇరుక్కుంటుంది. పుష్‌రాడ్‌లు కూడా గట్టిపరిచినవే ఉండాలి, మామూలువి ప్లేట్‌కి రాసుకుని అరిగిపోతాయి.

కమారో67:
అందరికీ థాంక్స్. స్కేల్ పెట్టి చూశాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ స్టడ్ స్పష్టంగా లేచింది, మిగతావి సమంగా ఉన్నాయి. మా పక్కింటాయన స్టడ్‌కి అడ్డంగా రంధ్రం చేసి పిన్ను కొడితే చాలంటున్నారు. అది నయమా?

మైక్రోమీటర్:
ఒకప్పుడు చాలామంది అలాగే నడిపారు, పని చేస్తుంది కూడా. కానీ లేచిన స్టడ్‌కి పిన్ను కొట్టడమంటే పట్టు పోయినదాన్నే పట్టుకుని వేలాడటం. రేపు తీయాల్సి వస్తే ముందు ఆ పిన్ను తీయాలి, అది బాస్‌లో విరిగితే నరకం. గట్టి స్ప్రింగులు వేస్తున్నారు కాబట్టి పదహారూ మార్చండి. నా ఓటు ఇప్పటికీ షాప్‌కే.

ఆస్టిన్_గ్యారేజ్:
పిన్ను వద్దు, దానికి నేనూ మైక్రోమీటర్ గారి పక్షమే. షాపా ఇల్లా అన్నది మీ డ్రిల్ ప్రెస్‌ని బట్టి ఉంటుంది. హెడ్ పట్టేంత టేబుల్ లేకపోతే, ట్యాప్ గైడ్ కూడా దొరక్కపోతే షాప్‌కే ఇచ్చేయండి, నేను అడ్డు చెప్పను. ఇంట్లోనే చేస్తే ఇంకొక్కటి చూసుకోండి. ట్యాప్ దించేముందు ప్రతి రంధ్రంలోకి లైట్ వేయండి. కొన్ని హెడ్లలో ఇన్‌టేక్ వైపు రంధ్రం పోర్ట్‌లోకి తెరుచుకుంటుంది. అక్కడ మరలకు సీలెంట్ రాయకపోతే ఇంజిన్ ఆ సందులోంచి నూనె పీల్చుకుంటుంది, సైలెన్సర్‌లో నీలం పొగ వస్తుంది. వాల్వ్ గైడ్లు పోయాయనుకుని హెడ్లు మళ్లీ విప్పుతారు.