అప్‌డేట్: ‘అమెనిటీస్’ సంగతి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే ధరల కాగితంలో ‘అమెనిటీస్’ అని విడిగా ఒక పద్దు ఉందనీ, అదే మాట ఓ పాత ఇంగ్లీషు ఉత్తరంలో పలకరింపుల అర్థంలో కనిపించిందనీ, రెండూ ఒకటేనా అనీ అడిగాను కదా. ఒకటేనండి.

మూలం లాటిన్ ‘అమోయ్‌నుస్’, మనసుకు హాయినిచ్చేది అని. రోమన్ కవులు చెట్టునీడ, సెలయేరు, పచ్చిక ఉన్న చోట్లను అలా వర్ణించేవారు. దాన్నుంచి పుట్టిన ‘అమోయ్‌నితాస్’ ఇంగ్లీషుకి చేరింది. మొదట చోటులోని ఆహ్లాదం. మనిషి నడతలోని ఆహ్లాదానికీ అదే మాట పాకింది: కుశలప్రశ్నలు, మర్యాదలు. ఇంటి సదుపాయాలన్న అర్థం బాగా తర్వాతది.

బెంగళూరులో ప్రజావసరాలకు కేటాయించిన స్థలాన్ని ‘సీఏ సైట్’ అంటుంటారే, అందులో ‘ఏ’ అంటే ఇదే: సివిక్ అమెనిటీ. 1976 నాటి బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ) చట్టం రోడ్లనీ, వీధి దీపాలనీ, చివరికి మురుగుకాలువలనీ అమెనిటీ కిందే లెక్కేసింది! ఆ కవులు వింటే ఏమనుకునేవారో.

మన ‘సౌకర్యం’ సుకరం నుంచి వచ్చింది, అంటే తేలిగ్గా అయ్యేది. అందులో వీలుంది గానీ హాయి లేదు. నాకైతే ‘సదుపాయాలు’, ‘మర్యాదలు’ అని రెండు మాటలుగా ఉంచుకోవడమే నయమనిపించింది.

అన్నట్టు, అమెనిటీస్‌లోని ఈత కొలను మాకొద్దు, ధర తగ్గిస్తారా అని సేల్స్ అబ్బాయిని అడిగాను. “అందరికీ కామనే సార్, తప్పదు” అన్నాడు. ఫ్లాట్ ఇంకా తీసుకోలేదు.