అడవి జంతువులకు కాలర్లు, ట్యాగులు వేయడం అవసరమా?

చిట్టడవి:
అటవీ అధికారులు పులులకు, ఏనుగులకు, పక్షులకు అవి ఎక్కడున్నాయో తెలిపే కాలర్లు, ట్యాగులు తగిలించి ఎందుకు వెంబడిస్తారో నాకు మింగుడుపడటం లేదు. మత్తు సూదితో పడగొట్టి, మెడకు పట్టీ బిగించి వదిలేస్తే దానికి సుఖం ఎక్కడుంటుంది? 2023లో మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కులో చీతాలకు కాలర్ల కింద పుండ్లు పడి, పురుగులు పట్టాయి. చివరికి ఆ కాలర్లు తీసేయాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీలిరెక్క:
మీ బాధ న్యాయమైనదే. కానీ కాలర్లు వద్దంటే చాలా విషయాలు మనకు తెలియకుండానే పోతాయి. 2007లో ఒంట్లో ట్రాన్స్‌మిటర్ అమర్చిన ఒక ఆడ గాడ్‌విట్ (తీరాల్లో బతికే వలస పక్షి) అలాస్కా నుంచి న్యూజిలాండ్ దాకా 11,000 కిలోమీటర్లకు పైగా ఎగిరింది. ఎనిమిది రోజులు, మధ్యలో ఎక్కడా వాలలేదు! నాకు ఇంతకన్నా ముఖ్యం అనిపించేది ఇంకొకటి. అదే ఏడాది ఉత్తరానికి వెళ్లేటప్పుడు అది చైనా, కొరియాల మధ్య ఉన్న ఎల్లో సీ ఒడ్డున బురదనేలల్లో ఆగింది. అంటే దాని దారిబత్తెం అక్కడుంది. ఆ నేలను పూడ్చేస్తే, రెండు చివర్లా ఎంత కాపాడినా ఏం లాభం? ఎక్కడ ఆగుతుందో తెలియకుండా ఏ నేల కోసమని పోరాడతాం?

తీరంవైపు:
ట్యాగు జంతువు బతుకునే మార్చేస్తే ఆ లెక్కలను ఎలా నమ్మాలి? కింగ్ పెంగ్విన్ల రెక్కలకు లోహపు పట్టీలు వేసి పదేళ్లు గమనించారు. పట్టీ లేనివాటితో పోలిస్తే వాటికి 39 శాతం తక్కువ పిల్లలు కలిగాయని 2011లో బయటపెట్టారు. ఈదేటప్పుడు రెక్క ఆడించిన ప్రతిసారీ పట్టీ నీటికి అడ్డుపడుతుంది, పక్షి అలసిపోతుంది. అలాంటి పక్షిని చూసి వాతావరణ మార్పు ప్రభావం ఇదీ అని ఎలా చెప్తాం?

నీలిరెక్క:
ఒప్పుకుంటాను, ఆ పట్టీలు తప్పే. అయితే ఆ తప్పు తెలిసింది కూడా చర్మం కింద చిన్న చిప్ పెట్టిన పెంగ్విన్లతో పోల్చి చూడటం వల్లే కదా. పని తెలిసినవాళ్లు ఎలా చేస్తారో చూడండి. మత్తులో జంతువు రెప్ప వేయలేదు కాబట్టి ముందు కళ్లలో మందు వేసి గుడ్డ కప్పుతారు. ఊపిరి లెక్కపెడుతూ ఉంటారు. కాలర్‌కూ మెడకూ మధ్య వేళ్లు దూర్చి సందు చూస్తారు. గడువు తీరాక తనంతట తానే ఊడిపోయే కాలర్లూ ఉన్నాయి.

చిట్టడవి:
ఊడిపోయే కాలర్ల సంగతి నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. మరి సమాచారం ఎవరి చేతిలో పడుతుందన్న టెన్షన్ సంగతేంటి? 2013లో మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో ఒక పులి కాలర్ వివరాలు వచ్చే ఈమెయిల్‌లోకి ఎవరో చొరబడాలని చూశారు. అది వేటగాళ్లకు దొరికితే పులి అడ్రస్ ఇచ్చినట్టే. అందుకే కాలర్లు మొత్తం మానేయాలని ఇక అనను. ఏ నిర్ణయం కోసం వేస్తున్నారు, ఎప్పుడు తీస్తారు, వివరాలు ఎవరు చూస్తారు? ఈ మూడూ కాగితం మీద పెట్టాకే మత్తు సూది బయటికి తీయాలి.