అమ్మవారి మొక్కు మీద జోకు చెప్పాను, తప్పా?

తోటపాలెం కుర్రోడు:
మాది విజయనగరం. పైడితల్లమ్మ పండగలో సిరిమానుకి (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) ముందు రాత్రి, తొలేళ్ళ నాడు, మా వీధి స్టేజి మీద పావుగంట కామెడీ చెప్పాను. పెళ్ళాం జోకులు, అత్తాకోడళ్ళ జోకులు అయితే చప్పట్లు గ్యారంటీ అని కమిటీ వాళ్ళు ముందే చెప్పారు. నాకు వాటికి నవ్వు రాదు. నాకు నవ్వొచ్చేది మా ఇంట్లో జరిగేదే. అందుకని మా అమ్మ మొక్కు గురించి రాసుకున్నాను. నా ఉద్యోగం కోసం పైడితల్లమ్మ ముందు నిలబడి, “తల్లీ, పర్మినెంటు అయితే నూటొక్క కాయ కొడతాను. కాంట్రాక్టు అయితే పదకొండే. మరి నువ్వేటీ అనుకోకు” అని బేరం పెట్టింది. జనం పడీపడీ నవ్వారు. కిందికి దిగగానే ఒక పెద్దాయన “పండగపూట అమ్మవారితో వేళాకోళమా” అని అందరి ముందూ దులిపేశారు. నమ్మకం ఉన్నవాడు ఆ నమ్మకం మీద జోకు వేయకూడదా?

బొబ్బిలి మేష్టారు:
నిక్షేపంగా వేయొచ్చు. హరికథలు విని పెరిగిన మన వైపు వాళ్ళకి ఈ అనుమానమే రాకూడదు. మీ ఊరి సంగీత కళాశాలకి 1919లో మొదటి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథకుడే, మా పక్క అజ్జాడలో పుట్టారు. హరిదాసు అన్నవాడు మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించాకే మళ్ళీ దేవుడి దగ్గరికి వస్తాడు. తోలుబొమ్మలాటలో అయితే రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, బంగారక్క దూరిపోయి మొరటు జోకులు వేస్తారు. ఎవరైనా తెర చింపారా?

పాలకొండ రోడ్డు:
అంతెందుకు, మా శ్రీకాకుళంలోనే దేవుణ్ణి పద్యాల్లో ఉతికేసిన కవి ఉన్నాడు. కాసుల పురుషోత్తమకవి, ఆంధ్రనాయక శతకం. అంతా నిందాస్తుతే, తిడుతున్నట్టే ఉండి పొగడటం.

బొబ్బిలి మేష్టారు:
అది మీ శ్రీకాకుళం కాదండీ, కృష్ణా జిల్లాలో నది ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. చాలామంది పొరబడతారు.

పాలకొండ రోడ్డు:
సరే, దేవుడు పోయాడు, పాయింటు మిగిలింది.

గాజులరేగ అత్త:
నాకు మిగల్లేదు. కేతిగాడి మాటలు కేతిగాడివి. ఇవి మీ అమ్మవి. గుళ్ళో గొంతు తగ్గించి అన్న మాటని నువ్వు మైకులో అన్నావు. అమ్మవారికి కోపం రాదులే నాయనా, అలాంటి బేరాలు ఆవిడ రోజూ వింటుంది. మీ అమ్మని అడిగావా?

తోటపాలెం కుర్రోడు:
అడగలేదు. ఆవిడ మూడో వరసలో కూర్చుంది. అందరికంటే ముందు నవ్వింది కూడా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఇంటికొచ్చాక అన్నం వడ్డించి, పులుసు గిన్నె నా ముందుకు తోస్తూ “అది నేను తల్లితో చెప్పుకున్న మాట. ఊరితో కాదు” అంది. అంతే. మర్నాడు సిరిమానుకి నాతో రాలేదు, పక్కింటివాళ్ళతో వెళ్ళిపోయింది. సిరిమాను మూడోసారి కోట వైపు వస్తున్నప్పుడు జనంలో దూరంగా కనిపించింది. అరటిపండు విసిరి దండం పెట్టుకుంటోంది. నా వైపు చూడలేదు.

రాజాం లాయరు:
కేసు భయం ఉంటే చెబుతున్నాను. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 299, అంటే పాత 295ఎ, వర్తించాలంటే కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానించి ఉండాలి. ఇది ఆ లెక్కలోకి రాదు. ఎవరైనా ఫిర్యాదు రాసిస్తే మాత్రం స్టేషన్ చుట్టూ తిరగడం ఎలాగూ ఉంటుంది.

గాజులరేగ అత్త:
కేసు సంగతి ఎవరడిగారు లాయరు గారూ. బాబూ, ఇంకో మాట. అమ్మ మొక్కింది, అమ్మ బేరమాడింది, బాగానే ఉంది. ఆ పావుగంటలో నువ్వెక్కడ? నువ్వు నమ్ముతావా, నమ్మవా? ఆ ముక్క దాచుకుని ఉన్నదున్నట్టు రాశానంటే ఎలా?

తోటపాలెం కుర్రోడు:
దొరికిపోయాను. నమ్ముతాను. వచ్చింది కాంట్రాక్టు ఉద్యోగమే. పదకొండు కాయలూ సంచిలో వేసుకుని మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి చదురుగుడికి మోసుకెళ్ళింది నేనే. ఏడో కాయ కుళ్ళింది. కాయ కుళ్ళితే ఏమీ కాదని వాట్సాప్ గ్రూపులో అందరికీ క్లాసు పీకేవాణ్ణి, టెన్షన్‌తో బయటికి పరిగెత్తి ఇంకోటి కొన్నాను. చెవి దగ్గర ఆడించి, నీళ్ళ చప్పుడు విని, వేలితో కొట్టి చూసుకుని మరీ. మొదట అదీ రాశాను. ముందు వరసలో ఫ్రెండ్స్ ఉంటారని కొట్టేశాను.

బొబ్బిలి మేష్టారు:
నువ్వు కొట్టేసిన ముక్కకే నాకు ఎక్కువ నవ్వొచ్చింది.

గాజులరేగ అత్త:
అదైనా అమ్మనడిగి చెప్పు. ఆ కాయలు ఆవిడ మొక్కువి.

పాలకొండ రోడ్డు:
ఇంతకీ పన్నెండోది ఎంతకిచ్చాడు?

తోటపాలెం కుర్రోడు:
నలభై. నా మొహం చూసి పది ఎక్కువ లాగాడు.