ఇథనాల్ పెట్రోలు: పాత బైకు, బ్రష్ కట్టర్ మొరాయిస్తున్నాయి

ప్రశ్న: నాది పాత కార్బురేటర్ బైకు. గడ్డి, పొదలు కోసే టూ-స్ట్రోక్ బ్రష్ కట్టర్ కూడా ఉంది. రెండింట్లోనూ పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే పోస్తున్నాను. బైకు పొద్దున్న చోక్ లాగితేగానీ అందుకోదు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ టప్‌టప్‌మంటోంది. కట్టరైతే నెలల తరబడి మూలన పడి ఉండి ఇప్పుడు స్టార్టే కావట్లేదు. ఇంజిన్లు పోయినట్టేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దండి, రెండూ వేరే గొడవలు. ముందు బైకు సంగతి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి గాలి తక్కువ చాలు. కిలో మామూలు పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, పది శాతం కలిస్తే 14.1 సరిపోతుంది. ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి సెన్సార్ చూసుకుని సర్దుకుంటుంది. కార్బురేటర్ జెట్‌కి (పెట్రోలు వచ్చే సన్న రంధ్రానికి) ఆ తెలివి లేదు, మిక్స్చర్ లీన్ అయిపోతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పండి. తెల్లగా ఉంటే అదే కారణం. ఐడ్లింగ్ తేడా మిక్స్చర్ స్క్రూతో పోతుంది. ఫుల్ థ్రాటిల్‌లోనూ వేడెక్కుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించాలి. సైలెన్సర్ గాస్కెట్ లీకైనా ఇదే చప్పుడు వస్తుంది, అదీ చూడండి. మైలేజీ మూడు శాతం దాకా తగ్గితే పట్టించుకోకండి.

మరొకరి జవాబు: అన్నా, కట్టర్ తాడు మాత్రం ఇంక లాగొద్దు. ఇథనాల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. పది శాతం మిశ్రమంలో సుమారు అర శాతం నీళ్ల వరకే కలిసి ఉంటాయి. అది దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగుతాయి. నువ్వు కలిపిన టూ-టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో పైపు లాగేది అడుగునుంచే. పొరపాటున స్టార్టయితే ఆయిల్ అందక పిస్టన్ సీజవుతుంది, అంటే బిగుసుకుపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచు.

ప్రశ్న: పోశాను. అడుగున వేరే పొర స్పష్టంగా కనిపిస్తోంది. పెట్రోలు పాడవకుండా కలిపే స్టెబిలైజర్ పోస్తే పనికొస్తుందా?

జవాబు: రాదు. స్టెబిలైజర్ కొత్త పెట్రోలులో కలపాల్సింది, విడిపోయినదాన్ని కలపలేదు. పై పెట్రోలు కూడా వాడకండి, ఇథనాల్ పోవడంతో దాని ఆక్టేన్ (ఇంజిన్ నాక్ కాకుండా ఆపే గుణం) పడిపోయి ఉంటుంది. కాలవలో పారబోయకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి. కార్బురేటర్ విప్పినప్పుడు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర), ప్రైమర్ బల్బు (స్టార్ట్ చేసేముందు నొక్కే బుడగ), పైపు చూడండి. ఉబ్బినా, గట్టిపడినా మార్చేయడమే. పాత రబ్బరు ఇథనాల్‌కి తట్టుకోదు. ఇరవై శాతం మిశ్రమం పోసే ముందు మాన్యువల్ చూడండి, చిన్న ఇంజిన్లకు చాలా కంపెనీలు పది శాతమే హద్దు పెడతాయి.

మరొకరి జవాబు: పక్కన పెట్టేముందు కట్టర్ ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడుపన్నా. బైకుకైతే ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పితే చాలు. ఇనప ట్యాంకు నిండుగా ఉంచు, లోపల చెమ్మ పట్టదు. పాత ట్యాంకులో తుప్పు, జిగురు ఉంటే ఇథనాల్ వాటిని ఊడదీసి జెట్లలోకి తోస్తుంది. ఫిల్టర్ కూడా ఇప్పుడే మార్చేయ్.