మడత కత్తి పిడికి తుమ్మచెక్క బిళ్లలు వేస్తుంటే పగులుతున్నాయి, సలహా చెప్పండి

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్న బత్తాయి తోటలో ఏళ్ల తరబడి వాడిన మడత కత్తి నా దగ్గరుంది. బ్లేడు ఇప్పటికీ బాగుంది. పిడికి రెండు వైపులా ఉన్న ప్లాస్టిక్ బిళ్లలే పెళుసెక్కి ఊడిపోయాయి. వాటి చోట తుమ్మచెక్క వేయాలని నా కోరిక. నాగలికీ బండికీ వాడే చెక్క, ఆయన చేతికి బాగా తెలిసిన చెక్క.

పోయిన నెల గట్టున విరిగిపడ్డ కొమ్మ నుంచి 3 మిల్లీమీటర్ల మందంతో బిళ్లలు కోసి, గరుకు కాగితంతో నునుపు చేశాను. 2 మిల్లీమీటర్ల ఇత్తడి పిన్నుకు సరిగ్గా అంతే రంధ్రం వేశాను. పిన్ను తల మీద సుత్తితో మెల్లగా కొడుతుంటే రంధ్రం దగ్గర వెంట్రుకంత చీలిక మొదలై చెక్క నార వెంబడే చివరిదాకా పాకింది. రెండో జతకూ అదే జరిగింది.

చెక్క పచ్చిగా ఉండటం వల్లా, రంధ్రం బిగుతుగా ఉండటం వల్లా? ఇంట్లో తాత కాలం నాటి ఎడ్లబండి చక్రం ఆకు ఒకటుంది, బాగా ఆరిన తుమ్మ. అది కోస్తే మళ్లీ దొరకదు, అందుకే టెన్షన్. పిన్ను తల కొట్టకుండా ఎపాక్సీ జిగురుతో అంటిస్తే చెమటకూ బత్తాయి పులుపుకూ నిలుస్తుందా? ఇలాంటి పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.